ఉన్నపళంగా

గూడూరు కోర్టులో ఇరవై ఆరేళ్లు
జనం మాటల్ని ఇంగ్లీషులో టైపు కొట్టాను.
ఎంత బండబూతైనా నా మిషన్లో పడితే
ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయటికొచ్చేది.
ఒక్క మాట మాత్రం చొక్కా వద్దంది.

ఓజిలి చెంగమ్మ.
నిమ్మకాయల మార్కెట్లో కాయలేరే మనిషి.
మచ్చకాయ ఒక పక్క, పచ్చికాయ ఒక పక్క,
మద్రాసు లారీ ఎక్కే పసుపుకాయ ఒక పక్క.
మండీ గుమస్తా రవణయ్య
ఆమె కూలి లెక్కలో మూడు బస్తాలు మింగి
పైగా నవ్వాడంట.
ఆ నవ్వు ఇంకా సగంలో ఉండగానే
రెండు కిలోల తూకంరాయి అతని భుజాన పడింది.

"కావాలనే విసిరినావా?" సర్కారు వకీలు.
"లేదు సామీ."
"అయితే చెయ్యి జారిందా? పొరపాటా?"
ఆ హాల్లో తలుపులు రెండే.
ఆమె తరపు వకీలు రెండో తలుపు కాడ నిలబడి
అవునను, అవునను అని కళ్లతోనే లాగుతున్నాడు.
చెంగమ్మ నేల చూసింది.
"పొరపాటు గూడా గాదు సామీ.
ఉన్నపళంగా ఏసినా."

నా వేళ్లు మీటల మీద నిలబడిపొయినాయి.

బోను పక్కన వంతుకోసం కాచుకోనున్న
లారీ డ్రైవర్ మురుగేశన్
"పళమా? ఎన్న పళం?" అన్నాడు పైకే.
కోర్టంతా నవ్వింది.
జడ్జిగారు నవ్వు దాచుకోని
"సడన్‌గా అని కొట్టవయ్యా" అన్నారు.

సడన్‌గా.
సడన్‌గా కరెంటు పోతుంది,
సడన్‌గా బ్రేకు పడుతుంది.
అందులో మనిషి లేకపోయినా జరుగుబాటే.
ఉన్నపళంగాలో ముందే ఒకరు ఉన్నారు.
చేతిలో ఏదుంటే దానితో,
నోట్లో సగం నమిలిన వక్కతో,
జారిన ముడి జారినట్టే
లేచిన మనిషి.

తుపాను రాత్రి మా అమ్మ
దుగరాజపట్నం నించి ఉన్నపళంగా బయల్దేరింది.
కమ్మలు తాకట్టులో, పట్టా కాగితం చూరులో,
చేతిలో చేపలపులుసు గరిటె.
మొలలోతు నీళ్లలో వాకాడు బడి దాకా
దాన్ని వదలాలని తోచలేదంట.
గరిటెకి ఇంకా మామిడికాయ ముక్క అంటుకోనుందని
చచ్చిందాకా చెప్పి నవ్వేది. నేను నమ్మలేదు గానీ.
పెద్దమ్మ మాత్రం తీరిగ్గా పెట్టె సర్దుకుంది.
పెట్టె దొరికింది.

ఒక్క మాట కొట్టమంటే ఇదంతా ఎందుకొచ్చిందో.

ఉన్నపళంగా ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు ఇంటాయన.
ఉన్నపళంగా బాకీ కట్టమంటాడు బ్యాంకాయన.
మా ఆఫీసులో బదిలీ కాగితం గూడా ఉన్నపళంగానే వచ్చేది.
వాళ్ల నోట్లో అది ఉత్తరువు.
చెంగమ్మ నోట్లో నేరం.
తూకంరాయి ఒకటే, పళ్లెం మారింది.

సడన్‌గా అనే కొట్టాను. ఉద్యోగం.
సాయంత్రం కాగితాలు సంతకానికి తీసకపోతా
వసారాలో ఆగి,
జేబులో పెన్ను తీసి,
ఆ మాట పక్కనే మార్జిన్‌లో
తెలుగులో రాసేశాను. కొట్టివేత కాదు, సవరణ కాదు,
ఏ రూలు కిందికీ రాదు.
ఎందుకు రాశావంటే ఏం చెప్పాలో
రాసిన తర్వాత ఆలోచించాను.

జడ్జిగారు అక్కడికొచ్చి ఆగారు.
కళ్లద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు.
ఏమీ అనకుండా సంతకం చేశారు.

మూడొందలు జుర్మానా పడింది.
కట్టేసి పోతా పోతా చెంగమ్మ నా బల్ల కాడ నిలబడి
కొంగుముడి విప్పింది.
రెండు నిమ్మకాయలు దొర్లి
టైపుమిషన్‌కి తగులుకుని ఆగినాయి.
"ఇదేందమ్మా, ఇట్టాంటివి తీసుకోకూడదు" అన్నా.
"నీకియ్యాలని తేలా సామీ," అంది.
"ఉండాయి."

రెండూ మచ్చకాయలే.